గ్లోబ్యులిన్ 1.1

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తాను. తెల్లవారుజామున నాలుగింటికే గుండు చేయించుకున్నవాళ్ళు, చేయించుకోబోయేవాళ్ళు, చంకలో చీమిడి ముక్కుల పిల్లలతో అమ్మలు నా కౌంటరు ముందు నిలబడతారు. ఒంట్లో క్రిములతో పోరాడే యాంటీబాడీలు తయారుకాని మనిషికి ఇంతకంటే చెడ్డ ఉద్యోగం దొరకదని మా డాక్టరు నవ్వుతారు. మానెయ్యమని మాత్రం ఎప్పుడూ అనలేదు. మానేస్తే మందు సీసాలు కొనేదెట్లాగో ఆయనకూ తెలుసు.

మాది చిత్తూరు పక్కన ఒక పల్లె. ఇరవై రెండో ఏట మొదటిసారి నిమోనియా వచ్చింది. తగ్గింది. ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చింది. మధ్యలో సైనస్, చెవిలో చీము, వారాల తరబడి విరేచనాలు. యాంటీబయాటిక్ వేసుకున్నన్నాళ్ళు బాగుండేది, ఆపిన పది రోజులకే మళ్ళీ మొదలయ్యేది. మా అవ్వ దిష్టి తీసింది. మా నాయన "వేళకు తినడు, రాత్రిళ్ళు ఫోను చూస్తాడు" అని నన్నే తిట్టేవాడు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలో మచ్చ కనిపించిందని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. కళ్ళె పరీక్షలో క్రిమి లేదు. అయినా వాడించారు. ఆ మందులకు కడుపులో తిప్పి, సగం అన్నం వదిలేసి, నలభై నాలుగు కిలోలకు దిగాను.

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. పదే పదే జబ్బు పడుతుంటే ప్రతిచోటా హెచ్ఐవీ పరీక్ష రాసేవారు. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ నెగెటివ్. కానీ చీటీలో ఆ మూడక్షరాలు ఊళ్ళో ఒక్కరి కంట పడితే చాలు కదా. అప్పటికి కుదిరిన సంబంధం ఒకటి, కారణం చెప్పకుండానే తప్పిపోయింది.

చిత్తూరు వాళ్ళకు ఏ రోగమైనా అంతుబట్టకపోతే చివరికి మిగిలేది ఒకటే మాట: వేలూరికి పోదాం పద. గంటన్నర బస్సు. మా అమ్మ నా పాత రిపోర్టులన్నీ చీరల అంగడి వాళ్ళిచ్చిన పసుపు సంచిలో పెట్టి తెచ్చింది. అక్కడి డాక్టరు కొత్త పరీక్షలు రాసే ముందు ఆ సంచిని బల్ల మీద కుమ్మరించమన్నాడు. ఒక్కొక్క కాగితం చూస్తూ లివర్ పరీక్ష రిపోర్టులు మాత్రం పక్కన పెట్టాడు. తమిళం కలిసిన తెలుగులో, "టోటల్ ప్రొటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసెయ్యండి, ఎంత మిగిలిందో చెప్పండి" అన్నాడు. 5.3లోంచి 4.2 పోతే 1.1. రెండుకు పైన ఉండాలట. ఇంకో రిపోర్టులో 1.3. ఇంకోదాంట్లో 1.2. నాలుగేళ్ళుగా ప్రతి ల్యాబ్ వాళ్ళూ ఆ అంకెను అచ్చు వేసి చేతికిచ్చారు, ఎవరూ చదవలేదు. లివర్ బాగుందా లేదా అనే చూశారు. ఆ మిగిలినదే గ్లోబ్యులిన్. మన యాంటీబాడీలు ఉండేది అందులోనే. అది అంత తక్కువగా ఉందంటే ఆగి ఆలోచించాలి.

తరవాత ఐజీజీ చూశారు, అంటే రక్తంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీ. 700కు పైగా ఉండాల్సింది 140 ఉంది. నిమోనియా టీకా వేసి, నాలుగు వారాల తరవాత మళ్ళీ రక్తం తీశారు. టీకాకు జవాబుగా ఒంట్లో పుట్టాల్సిన యాంటీబాడీలు పుట్టలేదు. హెచ్ఐవీకి కూడా ఈసారి పీసీఆర్ చేశారు. యాంటీబాడీలే తయారుకాని ఒంట్లో యాంటీబాడీలను వెతికే పరీక్షను నమ్మడానికి లేదు, నేరుగా వైరస్‌నే వెతకాలి అన్నారు. అదీ నెగెటివే. జబ్బు పేరు కామన్ వేరియబుల్ ఇమ్యునోడెఫిషియెన్సీ, పొట్టిగా సీవీఐడీ. పేరులో కామన్ అని ఉంది గానీ, మా వైపు ఇంకొకరిని నేను చూడలేదు. ఇది పుట్టుకతో వచ్చే లోపాల జాతిదే అయినా చాలామందికి ఇరవై, నలభై ఏళ్ళ మధ్యలో బయటపడుతుందట. జన్యు పరీక్ష చేయించాను, కారణం దొరకలేదు.

ఆ వేలూరు డాక్టరు ఒక కథ చెప్పాడు. 1952లో అమెరికాలో బ్రూటన్ అనే మిలిటరీ డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ జబ్బు పడే ఎనిమిదేళ్ళ పిల్లవాడు వచ్చాడు. రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూసే పద్ధతి అప్పుడే వచ్చింది. చూస్తే యాంటీబాడీలుండే భాగం, గామా గ్లోబ్యులిన్, అసలు లేదు. దాన్నే సూదితో ఇస్తూ పోతే పిల్లవాడు నిలదొక్కుకున్నాడు. "డెబ్బై ఏళ్ళుగా మేం చేస్తున్నదీ అదే, లేనిదాన్ని బయటినుంచి పోస్తున్నాం" అన్నాడు.

నాకు పోసేది నాలుగు వారాలకొకసారి ఇరవై గ్రాములు, నాలుగు సీసాలు. మొదటి గంట చుక్క చుక్కగా వదులుతారు. వేగం పెంచితే చలి, వణుకు, మర్నాడు తల పగిలిపోయే నొప్పి. మొదటిసారి తొందరపడి నేనే స్పీడు పెంచమన్నాను, రెండు రోజులు లేవలేకపోయాను. ఎక్కించిన ఐజీజీ మూడు వారాలకు సగానికి పడిపోతుంది. అందుకే నాలుగో వారం వచ్చేసరికి నాకే తెలిసిపోతుంది, గొంతు బరువెక్కుతుంది, మెట్లెక్కితే ఆయాసం. ఆ వారం లాడ్జిలో మాస్కు తియ్యను.

కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ అనే మాట ప్రతి పొడి డబ్బా మీదా ఎక్కింది. కషాయం తాగు, తిప్పతీగ తిను అని చెప్పనివాళ్ళు లేరు. మిరియాల కషాయం నాకూ ఇష్టమే, గొంతుకు హాయిగా ఉంటుంది. ఐజీజీ మాత్రం దాంతో ఒక్క పాయింటు పెరగదు.

ఆ సీసాలు వెయ్యి మందికి పైగా దాతల ప్లాస్మా కలిపి తయారు చేస్తారని అవ్వకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అంతమంది ఇచ్చినారా? ఇచ్చినాక వాళ్ళకు తాగేదానికేమన్నా ఇస్తారా?" అంది. దిష్టి తియ్యడం మాత్రం మానలేదు.

జబ్బు పోలేదు. ఊపిరితిత్తుల్లో కింది భాగం ఇప్పటికే కొంత దెబ్బతింది, అది తిరిగి రాదు. కానీ ఆరేళ్ళలో ఒక్కసారే ఆసుపత్రిలో చేరాను. బరువు యాభై ఒకటి. నా సంపాదనలో మూడొంతులు సీసాలకే పోతాయి, మిగిలింది మా అన్న చూస్తాడు. ఐస్ గడ్డలు వేసిన థర్మకోల్ పెట్టెలో సీసాలు తెచ్చేదీ ఆయనే.

సీసాలు ఎక్కించే చోటే మదనపల్లె అమ్మ ఒకామె పరిచయమైంది. ఆరేళ్ళ కొడుకుకు బ్రూటన్ చూసిన జబ్బే. అది తల్లినుంచి మగపిల్లలకు వస్తుంది. ఆమె తమ్ముళ్ళిద్దరూ చిన్నప్పుడే జ్వరాలతో పోయారు. ఆ సంగతి డాక్టర్లెవరూ అడగలేదు, ఆమె వాళ్ళకు చెప్పనూ లేదు. ఆమెకు నేను చెప్పగలిగినవి రెండు మూడే: పోలియో చుక్కల్లాంటి బతికున్న క్రిమి టీకాలు వెయ్యబోతే ముందే జబ్బు సంగతి చెప్పాలి, ఐజీజీ అంకెలు తేదీలతో నోటుపుస్తకంలో రాసుకోవాలి, బడిలో టీచరుతో "ఇది అంటుకునే జబ్బు కాదు, వీడికే మిగతావాళ్ళనుంచి అంటుకుంటుంది" అని తెలుగులో చెప్పాలి. ఆ వాక్యం నాకు దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది.

మొన్న ఫోన్ చేసింది. "అన్నా, గంగ జాతరకు మా అమ్మోళ్ళింటికి వస్తాండాము. వీడు ఒళ్ళంతా గంధం పూసుకోని దొర వేషం కడతానని ఒకటే ఏడుపు. కట్టించేదా వద్దా?"

"సీసాలు ఎప్పుడు ఎక్కించినారు?"

"పోయిన శుక్రవారం."

"డాక్టరమ్మను ఒక మాట అడుగు. ఆమె సరే అంటే కట్టించమ్మా. బండి మీద ఐసు మాత్రం కొనియ్యొద్దు."