ఒక్కరోజు తిరుగుడుకి మూడు చోట్లు చాలు
నాలుగోది పెట్టుకుంటే ఏదీ తీరిగ్గా చూడలేం. ముందు బాగా దూరంగా ఉన్నదానికి వెళ్లి, మిగతావి తిరుగు దారిలో చూసుకోండి. అలసట వచ్చేసరికి ఇల్లు దగ్గరపడుతుంది. చిన్న మ్యూజియాలకు వారపు సెలవు, మధ్యాహ్నం విరామం ఉండొచ్చు. కొన్నిచోట్ల తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. మ్యాప్ కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మారుమూల సిగ్నల్‌ని నమ్మలేం.

పాత శాసనాలుంటే మాత్రం వాటికి ఉదయమో సాయంత్రమో కేటాయించండి. నడినెత్తి ఎండలో రాయి చదునుగా కనిపిస్తుంది. ఏటవాలు వెలుతురులో అయితే అరిగిపోయిన అక్షరం గాడిలో కూడా నీడ నిలిచి, గీత గీతా తేలుతుంది. చీకటి మండపంలో టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టండి. చదవడానికని సుద్ద మాత్రం రుద్దొద్దు, రాయి పాడవుతుంది.