గుక్కెడు నీళ్లు దిగడానికి

పక్షవాతం అంటే కాలూ చెయ్యీ పడిపోవడమేనని అందరూ అనుకుంటారు. నాకు ఆ రెండూ బాగానే ఉన్నాయి. తల తిరగడం, వాంతులు, ఆగని ఎక్కిళ్లు, గొంతు బొంగురు. ఊళ్లో గ్యాస్ అని మందిచ్చారు. రాజమండ్రి వెళ్లి ఎమ్మారై తీయిస్తే, మెదడు అడుగున మెడుల్లా దగ్గర రక్తనాళం పూడుకుపోయిందని తేలింది. మింగడాన్ని నడిపించేది ఆ చోటేనట.

ఐసీయూ సంగతులు వదిలేస్తాను. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి పాలూ జావా పోశారు. నోట్లో ఊరిన ఉమ్మి కూడా దిగక, గ్లాసు పక్కన పెట్టుకుని ఊసేదాన్ని. అది కాస్త తగ్గగానే ట్యూబ్ పీకేసి, "అన్నీ పెట్టండమ్మా, మింగడం అదే వచ్చేస్తుంది" అన్నాడు డ్యూటీ డాక్టరు, సెల్‌ఫోన్ లోంచి తలెత్తకుండా. స్ట్రోక్ వచ్చినవాళ్లకి నోట్లో ఏం పెట్టాలన్నా ముందు మింగగలరో లేదో పరీక్షించాలని వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. ఒక్క చెంచా నీళ్లిచ్చి చూస్తే ఆయన సొమ్మేం పోయేది?

ఇంటికొచ్చాక మొదటి ముద్ద చారన్నానికే పొలమారింది. అత్తయ్యగారు నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారే" అన్నారు. కొబ్బరినీళ్లకి మాత్రం దగ్గు రాలేదు. బాగా దిగుతున్నాయని అందరం సంతోషించాం.

ఆ రాత్రి చలిజ్వరం. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర. పడుకుంటే మునిగిపోతున్నట్టుంది. మావారు మంచమెక్కి నా వెనక కూర్చుని, నన్ను గుండెకానించుకుని పట్టుకున్నారు. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన ఆంజనేయ దండకం చదువుతూనే ఉన్నారు, మధ్యమధ్య తప్పులు పోతూ. నేను పిల్ల పెళ్లి చూడకుండానే పోతాననుకున్నాను. నిమోనియా. తిన్నదీ తాగినదీ ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు.

ఈసారి వేరే ఆసుపత్రి. మింగుడు సరిచేసేదీ వాళ్లేనంటూ స్పీచ్ థెరపిస్టుని పిలిస్తే, "వదిన మాట బాగానే ఉందిగా, ఇదో ఖర్చా?" అన్నాడు మా మరిది. ఆ మాట నేను మర్చిపోలేదని అతనికీ తెలుసు. ఆ అమ్మాయి మైసూరులో స్పీచ్ అండ్ హియరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుందట. ఎక్స్‌రేలో కనబడేలా బేరియం కలిపిన నీళ్లు తాగించి వీడియో తీయించింది. నల్లటి దారంలా ఏదో గాలిగొట్టంలోకి జారుతుంటే తెరమీద చూపించి, "చూశారా ఆంటీ, మీకు దగ్గే రాలేదు" అంది. నా ఒళ్లు జలదరించింది.

తరవాతంతా చాకిరీ. దిండు లేకుండా పడుకుని, భుజాలు లేవకుండా తల మాత్రం ఎత్తి కాలివేళ్లు చూస్తూ నిమిషంసేపు ఉండాలి. నాలుక కొన పళ్ల మధ్య పట్టుకుని ఉమ్మి మింగాలి (ఉమ్మే, తిండి కాదు). మింగేటప్పుడు పైకి లేచిన గొంతుముడిని అక్కడే బిగబట్టాలి. నాకు ఎడమవైపు గొంతు బలహీనం కాబట్టి, తల ఎడమకే తిప్పి మింగమంది. అప్పుడు ముద్ద బాగున్న వైపునుంచి దిగుతుందట. నీళ్లు కూడా పొడి కలిపి చిక్కగా చేసిస్తే తాగేదాన్ని. ఛీ, ఆ జిగురు! ఏడ్చాను, గ్లాసు విసిరాను. మర్నాడు ఆ పిల్ల నవ్వుతూనే వచ్చింది.

మొదట హాయిగా దిగింది గట్టి పెరుగు. అత్తయ్యగారు అన్నవరం సత్యదేవుడికి మొక్కుకున్నారు. కొండెక్కి ప్రసాదం తిన్నాను, తల పక్కకి తిప్పుకునే. తగ్గింది స్వామి వల్లేనంటారావిడ. నేనూ కాదనను, కానీ వ్యాయామం మానను.

మీ ఇంట్లో స్ట్రోక్ మనిషి ఉంటే, తాగాక గొంతు తడితడిగా పలుకుతోందేమో వినండి. నీళ్లు, కొబ్బరినీళ్లు, చారన్నం, మనం ప్రేమగా పెట్టే ఇవే బలహీనమైన గొంతుకి కష్టం. దగ్గు రాలేదని ధీమా వద్దు. యూట్యూబ్ చూసి వ్యాయామాలు మొదలెట్టకండి, మెడనొప్పి ఉంటే అసలే వద్దు. డిశ్చార్జికి ముందే మింగుడు పరీక్ష చేయించమని గట్టిగా అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.