ఈసీయూ మీద నేరం మోపే ముందు

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పాత బండి మొరాయించిందంటే మా ప్రాంతంలో చాలా షెడ్లలో మొదట వినిపించే తీర్పు ఒకటే: "ఈసీయూ పోయిందండి, మార్చేస్తే సరిపోద్దండి." ఈసీయూ అంటే ఇంజిన్‌కు పెట్రోలు చిమ్మడాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె. ఆ పెట్టె ఖరీదు పదేళ్లు దాటిన బండి విలువలో గణనీయమైన భాగం కాబట్టి ఆ మాట విన్న యజమాని బండిని మూల పెట్టేస్తాడు, లేదా ఇంజెక్షన్ తీసేయించి కార్బ్యురేటర్ బిగించుకుంటాడు. నా బండినీ, మిత్రుల బండ్లనీ ఇన్నేళ్లుగా విప్పి చూసుకుంటున్నవాడిగా నా అభిప్రాయం వేరు. ఈసీయూ చెడిపోవడం అరుదు. దానికి అందవలసిన కరెంటు సరిగా అందకపోవడం, దానికి సెన్సర్లు తప్పుడు సమాచారం ఇవ్వడం, అది తెరిచిన ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే ముక్కు) దగ్గర తగినంత పెట్రోలు లేకపోవడం మాత్రం నిత్యం జరిగేవి. వీటిని కొలిచి చూడడానికి ఒక మల్టీమీటర్, ఒక ప్రెషర్ గేజ్, కొంత ఓపిక ఉంటే చాలు.

పాత బండి అంటే ఏ కాలంలోదో చెప్పాలి. మన దేశంలో మోటార్‌సైకిల్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్ 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐతో వచ్చింది. 2007లో పల్సర్ 220 ఇంజెక్షన్‌తోనే వచ్చి, 2009లో తిరిగి కార్బ్యురేటర్‌కు మారింది. ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500, హోండా సీబీఆర్ 250 ఆర్ వంటివి ఆ తరువాత రోడ్డెక్కాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక ఇంజెక్షన్ దాదాపు అన్ని బండ్లకూ చేరింది. అంతకు ముందు తయారైన బండ్లలో చిక్కేమిటంటే, స్కానర్ తగిలించే కనెక్టర్ ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కార్లకు వాడే చవక స్కానర్ వీటిలో చాలావాటికి పనికిరాదు. మీటరులోని ఇంజిన్ లైటు ఎన్నిసార్లు పొడవుగా, ఎన్నిసార్లు పొట్టిగా వెలిగిందో లెక్కపెట్టి సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికతో పోల్చుకోవడమే చాలా బండ్లకు దిక్కు. నాది 2012 నాటి 500 సీసీ సింగిల్ సిలిండర్ బండి. ఉండేది కాకినాడలో, అంటే సముద్రపు ఉప్పుగాలి ఏడాది పొడవునా వైరింగ్‌ను తినే ఊళ్లో.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో నిలుపుకోవాలి. ఈసీయూ పెట్రోలును కొలవదు. ఇంజెక్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచాలో మాత్రమే లెక్కకట్టి, అంతసేపు తెరుస్తుంది. ఐడ్లింగ్‌లో ఆ సమయం రెండు మూడు మిల్లీసెకండ్లు. రైలులో, అంటే ఇంజెక్టర్ వెనుక గొట్టంలో, ప్రెషర్ ఎప్పుడూ ఒకేలా ఉంటుందని అది నమ్ముతుంది. కుళాయి ఎంతసేపు తిప్పి ఉంచాలో తెలిసినవాడికి మేడ మీద ట్యాంకులో నీళ్లున్నాయో లేవో తెలియనట్టే దాని పరిస్థితి. చాలా బండ్లలో ఆ ప్రెషర్ దాదాపు 3 బార్, అంటే సుమారు 43 పీఎస్ఐ. అది 2 బార్‌కు పడిపోతే ఇంజెక్టర్ అంతే సేపు తెరుచుకున్నా సుమారు 18 శాతం తక్కువ పెట్రోలు చిమ్ముతుంది, ఎందుకంటే ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. బండి స్టార్ట్ అవుతుంది, మెల్లగా నడుస్తుంది, యాక్సిలరేటర్ గట్టిగా తిప్పేసరికి ఊపిరాడనట్టు జర్కులిస్తుంది. ఈ లక్షణం చూసి ఈసీయూ మార్చినవాళ్లను నేనెరుగుదును. కొత్త పెట్టె కూడా పాతదాని లెక్కే కట్టింది, పెట్రోలు మాత్రం అంతే వచ్చింది.

అయినా మొదట చూడవలసింది పెట్రోలు కాదు, బ్యాటరీ. కార్బ్యురేటర్ బండి బ్యాటరీ నీరసించినా కిక్ కొడితే కదిలేది. ఇంజెక్షన్ బండికి పంపు తిరగాలి, ఇంజెక్టర్ తెరుచుకోవాలి, ఈసీయూ మేలుకుని ఉండాలి, ఈ మూడూ కరెంటుతోనే. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల కిందికి దిగకూడదు, ఇంజిన్ వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య నిలవాలి. సెల్ఫ్ నొక్కగానే మీటరు సూది మొదటికి వెళ్లి మళ్లీ లేస్తుంటే ఈసీయూ వోల్టేజీ చాలక మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతున్నదని అర్థం. కొలత తక్కువగా ఉన్నప్పుడు తక్కిన పరీక్షలన్నీ వృథా, ఎందుకంటే ఆ తరువాత వచ్చే ప్రతి అంకె తప్పుదారి పట్టిస్తుంది.

బ్యాటరీ బాగున్నా ఎర్తింగ్ బాగుండాలన్న నియమం లేదు. మల్టీమీటర్‌లో ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ కేసింగ్ మీద ఉంచి సెల్ఫ్ నొక్కితే అంకె 0.2 వోల్టులు మించకూడదు. అదే కొలత ఈసీయూ ఎర్త్ వైరు దగ్గర, పంపు తిరుగుతున్నప్పుడు, ఇంకా తక్కువ రావాలి. నా బండి సీటు కింద ఫ్రేముకు బిగించిన రింగు టెర్మినల్ పైకి నిగనిగలాడుతూనే కనిపించింది. బోల్టు తీసి తిప్పి చూస్తే ఫ్రేము మీది నల్ల పెయింటు మీదనే దాన్ని కూర్చోబెట్టారు, రాగి పోగుల మధ్య పచ్చని చిలుము పొడిగా రాలుతున్నది, ముడతపెట్టిన చోట నాలుగైదు పోగులే వైరును పట్టుకుని ఉన్నాయి. ఇన్సులేషన్ లోపల కూడా రాగి నల్లబడి ఉన్నందున ఆ ముక్కను కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, కొత్త రింగు బిగించాను. ఫ్రేము మీద పెయింటును ఎమెరీ పేపరుతో గీకి, బిగించిన తరువాత పైన పెట్రోలియం జెల్లీ రాశాను. ముందే రాస్తే లోహానికి లోహం తగలదన్న వాదన ఉంది, వివాదం ఎందుకని నేను తరువాతే రాస్తాను. తీరప్రాంతంలో ఉండేవాళ్లు ఏటా వానాకాలం అయిపోగానే ఈ ఒక్క పని చేసుకున్నా సగం జబ్బులు దగ్గరికి రావు.

ఇక పంపు. తాళం తిప్పి, కిల్ స్విచ్ రన్‌లో ఉంచితే ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నని ఝంకారం వినిపించి ఆగాలి. ఏమీ వినిపించకపోతే ఫ్యూజు, రిలే, బండి పడిపోతే ఇంజిన్ ఆపే సెన్సర్, ఆపైన పంపు కనెక్టర్ దగ్గర ఆ రెండు సెకన్లలో వోల్టేజీ వస్తున్నదా లేదా, ఈ వరుసలో చూడాలి. వరుస తప్పిస్తే ట్యాంకు అనవసరంగా దింపవలసి వస్తుంది. మోత వినిపించినంత మాత్రాన పంపు బాగుందని అనుకోకూడదు. ట్యాంకు లోపల పంపును పై ప్లేటుకు కలిపే చిన్న గొట్టం పెట్రోలులో ఏళ్ల తరబడి నాని చీలితే, పంపు హుషారుగానే తిరుగుతుంది, తోడిన పెట్రోలు మాత్రం ఆ చీలికలోంచి మళ్లీ ట్యాంకులోకే పోతుంది. బయట చుక్క కూడా కారదు కాబట్టి గేజ్ పెట్టనిదే తెలియదు. పంపు అడుగున ఉండే జాలీ మూసుకుపోయినా, ఫిల్టర్ నిండినా ఐడ్లింగ్‌లో ప్రెషర్ సరిగానే చూపించి, ఇంజిన్ ఎక్కువ పెట్రోలు అడిగినప్పుడు పడిపోతుంది; అందుచేత గేజ్‌ను చూసే వీలుగా కట్టుకుని ఒకసారి బండి నడిపి చూడడం అవసరం. ఈ పనిలో ఒక జాగ్రత్త. గొట్టం విప్పే ముందు పంపు కనెక్టర్ ఊడదీసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వాలి, ఆ తరువాత కూడా గుడ్డ చుట్టి విప్పాలి. లేకపోతే ప్రెషర్‌లో ఉన్న పెట్రోలు వేడి సైలెన్సర్ మీద చిమ్ముతుంది.

గాలి వైపు సమస్యలు త్వరగా తేలుతాయి. గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీకీ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు ఎండకు గట్టిపడి సన్నగా బీటలు వారితే ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటుంది. థ్రాటిల్ బాడీ పలక అంచున పేరుకున్న నల్లని జిగురును క్లీనర్‌తో తడిపిన గుడ్డతో తుడిచేస్తే చాలావరకు ఐడ్లింగ్ కుదురుతుంది. పలకను ఆపే చిన్న స్క్రూ మీద కంపెనీ పెయింటు చుక్క ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకూడదు. కార్బ్యురేటర్ అలవాటుతో దాన్ని తిప్పి ఐడ్లింగ్ పెంచితే థ్రాటిల్ సెన్సర్ మూసి ఉన్నప్పుడు చూపవలసిన వోల్టేజీ మారిపోయి, కొత్త జబ్బు పుట్టుకొస్తుంది.

సెన్సర్ల సంగతి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజిన్ లైటు వెలగకపోతే సెన్సర్లన్నీ బాగున్నట్టే అన్న భ్రమ మెకానిక్కుల్లో కూడా ఉంది. వైరు తెగినప్పుడో, షార్ట్ అయినప్పుడో, వోల్టేజీ సాధ్యం కాని హద్దుకు వెళ్లినప్పుడో మాత్రమే ఈసీయూ లైటు వెలిగిస్తుంది. సెన్సర్ నమ్మదగిన అబద్ధం చెప్పినప్పుడు అది పట్టుకోలేదు, పాత తరం ఈసీయూలైతే అసలే పట్టుకోలేవు. ఇంజిన్ వేడిని కొలిచే సెన్సర్‌నే తీసుకుందాం. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం కొన్ని వేల ఓమ్‌లు, వేడెక్కేకొద్దీ అది కొన్ని వందలకు దిగుతుంది. కనెక్టర్ పిన్నులో తుప్పు చేరి అదనంగా ఒక వెయ్యి ఓమ్‌లు కలిపిందనుకోండి. మరిగిపోతున్న ఇంజిన్ కూడా ఈసీయూకు ఇంకా వేడెక్కనిదిగానే కనిపిస్తుంది. చలిలో ఇవ్వవలసినంత పెట్రోలు ఇస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్ మీద పొడిమసి చేరుతుంది, వేడి మీద స్టార్ట్ చేయడం కష్టమవుతుంది, లైటు మాత్రం వెలగదు. సెన్సర్‌ను విడిగా కొలిస్తే అది బాగానే ఉన్నట్టు తేలుతుంది, తప్పు పిన్నులో ఉంది గనుక. అందువల్ల కొలత ఎప్పుడూ ఈసీయూ కనెక్టర్ వైపు నుంచి తీసుకోవాలి.

థ్రాటిల్ సెన్సర్‌కు 5 వోల్టులు వెళ్తాయి. పలక మూసి ఉన్నప్పుడు అర వోల్టు పైచిలుకు, పూర్తిగా తెరిచినప్పుడు 4 వోల్టుల చుట్టుపక్కల తిరిగి రావాలి. ముఖ్యమైనవి ఆ రెండు చివరలు కావు, మధ్యలో అంకె ఎక్కడా తడబడకుండా పెరగడం. ఊళ్లో ఎక్కువసేపు ఒకే వేగంలో నడిపిన బండిలో లోపలి పట్టీ ఆ ఒక్క చోటే అరిగి, సరిగ్గా అక్కడే జర్కు వస్తుంది. ఈ క్షణికమైన తడబాటును డిజిటల్ మీటరు తరచుగా దాటేస్తుంది, పాత సూది మీటరులో సూది ఉలిక్కిపడడం స్పష్టంగా కనిపిస్తుంది. నేను ఈ ఒక్క పనికే సూది మీటరు దాచుకున్నాను.

పెట్రోలు కూడా మారింది. ఈ బండ్లు తయారైన నాటికి బంకుల్లో లేని 20 శాతం ఇథనాల్ మిశ్రమం 2023 నుంచి వచ్చి క్రమంగా అంతటా వ్యాపించింది. శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. అంటే పాత లెక్క ప్రకారం తెరిచిన ఇంజెక్టర్ ఇప్పుడు అవసరం కంటే తక్కువ ఇస్తున్నది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఉన్న బండిలో స్థిరమైన వేగంలో ఈసీయూ తేడాను సర్దుకుంటుంది. చలి స్టార్టులోనూ, పూర్తి యాక్సిలరేటర్‌లోనూ ఆ సెన్సర్ మాట వినదు కాబట్టి లోటు అక్కడ బయటపడుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత ట్యాంకు గోడల మీది జిగురును కరిగించి ఫిల్టర్‌లోకి పంపుతుంది. నెలల తరబడి కదలని బండికి ఫిల్టర్, లోపలి గొట్టం కలిపి మార్చేసి ఆ తరువాతే పరీక్షలు మొదలుపెట్టడం నా పద్ధతి. గొట్టం ఇంజెక్షన్‌కు వాడే రకం కావాలి; కార్బ్యురేటర్ గొట్టం ఆ ప్రెషర్‌ను తట్టుకోదు.

అన్నిటికంటే విసిగించేది వేడెక్కాక ఆగి, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండి. షెడ్డుకు తీసుకెళ్లేసరికి జబ్బు మాయమవుతుంది. నా బండి రాజమహేంద్రవరం దారిలో అనపర్తి దాటాక ఇలా ఆగడం మొదలుపెట్టింది. దీనికి అనుమానితులు ముగ్గురు: ట్యాంకులోకి గాలి వెళ్లే సన్నని దారి మూసుకుపోవడం, వేడికి పంపు మొండికేయడం, క్రాంక్ సెన్సర్ కాయిల్ తెగడం. ఆగిన క్షణంలోనే చూస్తే వీటిని విడదీయడం కష్టం కాదు. ట్యాంకు మూత తెరిచాను, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు లేదు, కాబట్టి మొదటిది కాదు. తాళం తిప్పితే పంపు మామూలుగానే మోగింది. ప్లగ్ తీసి ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ నొక్కితే నిప్పురవ్వ లేదు, ఇంజెక్టర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి పిడికి చెవి ఆనిస్తే టిక్కుటిక్కు కూడా లేదు. రవ్వా, ఇంజెక్షనూ రెండూ ఒకేసారి ఆగాయంటే ఆ రెండింటికీ వేళ చెప్పే క్రాంక్ సెన్సర్ మీదకే వేలు పోతుంది. ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం మాన్యువల్‌లో చెప్పిన హద్దులోనే ఉంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మీటరు చూస్తుంటే అంకె నెమ్మదిగా పెరిగి, ఒక్కసారిగా అనంతానికి వెళ్లింది. కాయిల్ లోపల తెగిన చోటు వేడికి విడిపోతున్నదన్నమాట. చల్లారాక మళ్లీ మామూలు అంకె. ఈ బండికి కూడా అంతకు ముందు ఈసీయూ మార్చమనే సలహా వచ్చింది.

ఈసీయూ ఎన్నడూ చెడిపోదని నేను అనడం లేదు. నీళ్లు చేరినవి, బ్యాటరీ ఉల్టా తగిలించగా కాలినవి, రెగ్యులేటర్ పాడై 16, 17 వోల్టులు తిన్నవి ఉంటాయి. కరెంటు, ఎర్తింగ్ సరిగా ఉండి, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఈసీయూ పిన్నుదాకా చేరుతూ, పడిపోయినప్పుడు ఆపే సెన్సర్ కూడా బాగుండి, అయినా ఇంజెక్టర్ కనెక్టర్‌కు పెట్టిన టెస్ట్ లైటు మిణకకపోతే అప్పుడు దాన్ని అనుమానించవచ్చు. సెన్సర్లకు వెళ్లవలసిన 5 వోల్టులు లేకపోయినా అంతే, కాకపోతే ముందుగా సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూడాలి, షార్ట్ అయిన ఒక్క సెన్సర్ ఆ 5 వోల్టులను కిందికి లాగేయగలదు. అప్పుడు కూడా కొత్తది కొనే ముందు అదే మోడల్ ఉన్న మిత్రుడి బండిలోని ఈసీయూను తగిలించి చూడడం మంచిది. అయితే బయటి పెట్టె, కనెక్టర్ ఒకేలా ఉన్నా ఏడాదిని బట్టి లోపలి మ్యాప్ (పెట్రోలు లెక్కల పట్టిక) మారుతుంది కాబట్టి రెండింటి మీద పార్టు నంబర్లను చివరి అక్షరం వరకు సరిచూసుకోవాలి, మార్చే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి.