ఎర్రనీళ్లొచ్చేశాయి

లాకుల దగ్గర కాలవ ఇవాళ ఎర్రగా సుళ్లు తిరుగుతోంది. గోదారికి వరద తగిలిందన్నమాట.

ఇదివరకు ఈ వరద రోజుల్లో నీళ్లకుండ పక్కనే, నీళ్లని తేటపరిచే చిల్లగింజ ఉండేది. కావిళ్లతో తెచ్చిన కాలవనీళ్లని గుడ్డలో వడగట్టినా ఎరుపు పోదు. ఆ ఒండ్రు మరీ సన్నం, దానంతటది అడుక్కి దిగదు. గింజలోని జిగురే ఆ రేణువుల్ని ముద్దకట్టించి అడుక్కి దించుతుంది.

కుండ లోపల తడిచేసి, గరుకు గోడకి గింజని అరగదియ్యాలి. నీళ్లు పోసి ఓసారి గిరగిరా తిప్పి వదిలెయ్యాలి. ఇత్తడి బిందె నున్నగా ఉంటుంది, గింజ అరగదు. అందుకని గింజనే సానమీద గంధంలా అరగదీసి కలిపేవారు. రాత్రి కలిపితే తెల్లారేసరికి తేట. కదపకుండా పైనీళ్లు ముంచుకుని, అడుగున నాలుగువేళ్ల మట్టినీళ్లు ఆనపపాదుకి పోసేవారు.

పటికా పనిచేస్తుంది గానీ, కాస్త ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతాయి. నా మట్టుకు చిల్లగింజ నీళ్లే రుచి.

తేటపడ్డాయి కదా అని అలాగే తాగెయ్యకూడదు సుమా. గింజ దించేది మట్టిని, రోగాన్ని కాదు. కాచి చల్లార్చాల్సిందే.

మూలికల కొట్లో అడిగితే ఈ గింజలు ఇప్పటికీ దొరుకుతాయి.