నాన్న ఖాతా పుస్తకంలో నా పేరు

పర్లాకిమిడి (ఒడిశా), ఆదివారం

ఈరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న బట్టల కొట్టు ఖాతా పుస్తకం తెరిచి, ఒక కొత్త పేజీ పైభాగాన నా పేరు రాశారు. అరువు పట్టుకెళ్లినవారి పేర్ల మధ్య నా పేరు కనిపించేసరికి నవ్వూ వచ్చింది, గుండెల్లో కాస్త బరువుగానూ అనిపించింది.

ఐదేళ్ల లా కోర్సుకు ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఎంత బిగించి లెక్కవేసినా పన్నెండు లక్షలకు తగ్గడం లేదు. అందులో ఏడున్నర లక్షలు బ్యాంకు నుంచి తీసుకుందామని అనుకున్నాం. అంతవరకైతే అమ్మో నాన్నో నాతోపాటు సంతకం చేస్తే సరిపోతుంది, తాకట్టు అడగరు. అది దాటితే నానమ్మ పేర ఉన్న ఇంటి కాగితాలు పెట్టాలి. ఆ మాట నానమ్మ చెవిన ఇంకా ఎవరూ వేయలేదు, వేయనివ్వడం నాకూ ఇష్టం లేదు. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి చదువుకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం ఒకటి ఉంది కానీ, అమ్మ టీచరు జీతం ఆ గీతను దాటిపోయింది.

బ్యాంకులో చెప్పిన వడ్డీ ఏడాదికి పది శాతం. నాన్న దానిని క్షణంలో బజారు లెక్కలోకి మార్చేసి, “నూటికి నెలకు ఎనభై మూడు పైసలే కదా తల్లీ, మేము రెండు రూపాయల వడ్డీకి సరుకు తేవడం లేదూ!” అని తేలికపడ్డారు. ఏటా లక్షన్నర చొప్పున తీసుకుంటే, చదువు పూర్తయ్యాక ఇచ్చే ఏడాది గడువుతో కలిపి, బారువడ్డీ మీదనే మూడు లక్షలు పేరుకుంటుందని నేను పక్కన రాసి చూపించాను. అంటే మొదటి వాయిదా కట్టే నాటికి అప్పు పదిన్నర లక్షలు. పదిహేనేళ్లలో తీర్చాలంటే నెలకు పదకొండు వేల మూడు వందలకు కాస్త తక్కువ. నాన్న కళ్లజోడు సవరించుకొని ఆ అంకె కింద రెండు గీతలు గీశారు.

జూనియర్ న్యాయవాదులకు పట్టణాల్లో నెలకు ఇరవై వేలు, గ్రామీణ ప్రాంతాల్లో పదిహేను వేలు తగ్గకుండా ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది. సిఫారసు కాబట్టి ఇవ్వకపోయినా అడిగేవారుండరు. పదిహేను వేలు ఇచ్చినా, వాయిదా పోగా మిగిలేది మూడు వేల ఏడు వందల చిల్లర. నాకేమో మన కోర్టులోనే, తెలుగు తప్ప మరో భాషలో తన తగాదా చెప్పుకోలేని మనిషి పక్కన నిలబడాలని ఉంది. ఈ అప్పు మాత్రం నన్ను ఏదో మహానగరంలో కంపెనీల ఒప్పందాలు దిద్దే ఉద్యోగం వైపు ఇప్పటినుంచే నెడుతోంది. చదువు మొదలుపెట్టకముందే నేను ఎటువంటి వకీలును కావాలో వాయిదా మొత్తం తేల్చేయడం నాకు మింగుడుపడటం లేదు. డబ్బు సరిపోతుందా లేదా అన్నది ఆ తర్వాతి చింత.

నాన్న దగ్గర దీనికొక సిద్ధమైన జవాబు ఉంది: బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు డబ్లిన్ దాకా వెళ్లి లా చదవలేదా అని. ఆయన తండ్రి జోగయ్య పంతులు గారు అప్పటికే పేరుపడిన వకీలు అన్న సంగతి నాన్నకు ఎప్పుడూ గుర్తుకు రాదు.

చివరికి ఒక దారి కనిపించింది. చదువుతున్నప్పుడే వడ్డీ ఎప్పటికప్పుడు కడుతూ పోతే అది అసలులో కలవదు, చాలా బ్యాంకులు వడ్డీ రేటులో ఒక శాతం రాయితీ కూడా ఇస్తాయి. మొదటి ఏడాది కట్టాల్సిన వడ్డీ నెలకు 1,250 రూపాయలు, ఐదో ఏటికి 6,250. మొదటి రెండేళ్లూ కొట్టు మీద కట్టేస్తానని నాన్న అన్నారు. మూడో ఏడాది నుంచి ట్యూషన్లు చెప్పి నేను కడతానన్నాను. రేపు బ్యాంకుకు వెళ్లినప్పుడు ఆ రాయితీ మా అప్పుకూ వర్తిస్తుందో లేదో కాగితం మీద రాసిమ్మని అడగాలి.