ఐదు రూపాయల బిళ్ల మీద జంట అక్షరాలు: మూడో ఆదివారం

పెరంబూర్‌లో మా ఇంటి కింద మెస్ నడిపే నెల్లూరు బాబాయ్, ముద్రలో తప్పు పడ్డ బిళ్లలు వెతుక్కోమని ఈ వారం కూడా చిల్లర డబ్బా పైకి పంపాడు. నేనిచ్చిన 800 రూపాయలకు 160 ఐదు రూపాయల బిళ్లలు. "రేపు ఇడ్లీ టైముకల్లా తిరిగిచ్చెయ్ అబ్బయా, చిల్లర్లేక చస్తన్నా" అని షరతు.

వాటిలో పాత కుప్రోనికెల్‌వి (రాగి, నికెల్ కలిపిన లోహం), అంటే 9 గ్రాముల బరువువి, 23 దొరికాయి. నా సామానంతా 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం), టేబుల్ ల్యాంప్, ఒక మెత్తటి గుడ్డ. గుడ్డ కింద పరచడానికే, తుడవడానికి కాదు.

పదకొండో బిళ్ల దగ్గర ఆగిపోయాను. సంవత్సరం కింద నక్షత్రం, అంటే మన హైదరాబాద్ మింట్ (నాణేలు కొట్టే టంకశాల). తిప్పి చూస్తే సింహాల పక్కన ఇంగ్లీషులో ఉన్న 'ఇండియా' అక్షరాలన్నిటికీ ఒకే వైపు ఒక జోడీ. డబుల్డ్ డైయే అనుకున్నాను. డై అంటే బిళ్ల మీద బొమ్మ కొట్టే అచ్చు, ఆ డై మీద బొమ్మ దింపే మూలపు అచ్చు హబ్. డై తయారు చేసేటప్పుడు హబ్ రెండోసారి కాస్త పక్కకు పడితే బొమ్మ డైలోనే జంటగా దిగుతుంది. ఆ డై కొట్టిన ప్రతి బిళ్లా అలాగే వస్తుంది.

ల్యాంప్ కిందికి దించి వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టాను. 'ఎన్' నిలువు గీత పక్కన బల్లపరుపుగా ఒక మెట్టు, చుట్టూ ఉన్న నేలకన్నా కొంచెమే ఎత్తు. ఆ మేరకు అసలు గీత సన్నబడింది. డబుల్డ్ డై అయితే జోడీ గుండ్రంగా లేచి, అక్షరం లావెక్కి, కొసలు చీలి కనిపించాలి. ఇది వదులైన డై, దెబ్బ పడ్డాక కదిలి అక్షరం అంచును అణిచేసిన పని. మెషిన్ డబ్లింగ్ అంటారు.

అయినా ఆశ చావదు కదా. మిగతావి తిరగేస్తే ఇంకో నక్షత్రం బిళ్ల, అదే సంవత్సరం. రెండింటికీ అంచు నుంచి 'డి' కాలిదాకా వెంట్రుకలాంటి ఉబ్బు గీత, అదే చోట, అదే వంపు. డై పగిలితే పగులులోకి లోహం దూరి ఇలా లేస్తుంది. అంటే రెండూ ఒకే డై కొట్టినవి. రెండో దాంట్లో అక్షరాలు ఒంటరిగా, శుభ్రంగా ఉన్నాయి. జంట డైలో ఉంటే ఇక్కడా ఉండాలిగా!

స్టీలు రూపాయలు కొన్ని నా దగ్గరే ఉంటే అవీ చూశాను. అక్షరాల చుట్టూ మసక నీడ, నేలంతా కమలాతొక్కలా గరుకు. అరిగిపోయిన డై పని. వాటి మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

పొద్దున బాబాయ్ లెక్కపెట్టి 790 తిరిగిచ్చాడు. "రెండు ఏం చేశావు?" అన్నాడు. ఆ రెండు నక్షత్రం బిళ్లలూ ఒకే కవర్లో పెట్టి, మీద "ఒకే డై, ఒకటి కదిలింది" అని రాసుకున్నాను.