డెల్ఫీలో ఆ గోడ దగ్గర

గురువారం రాత్రి, డెల్ఫీ

ఏథెన్స్ నుంచి బస్సులో మూడు గంటలు. పర్నాసస్ కొండ ఎక్కుతుంటే కింద లోయంతా ఆలివ్ తోటలే, సముద్రం దాకా.

కిందటిసారి గైడు వెనకాల పరుగున తిరిగాం. అపోలో గుడిలో పిథియా అనే పూజారిణి జోస్యం చెప్పేదని విన్నాం, నిలబెట్టిన ఆరు స్తంభాల ముందు ఫోటోలు దిగాం, కిందికి వచ్చేశాం. గుడి అరుగును మోస్తున్న గోడ పక్కనుంచే నడిచాం కానీ దాని గురించి ఎవరూ ఒక్క మాటా చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడో దాని గురించి చదివినప్పటి నుంచీ మళ్ళీ రావాలని ఒకటే కోరిక. అందుకే ఈసారి పొద్దున్నే వచ్చి ముందు అక్కడే ఆగాను.

క్రీ.పూ. 548లో పాత గుడి తగలబడ్డాక, కొత్తదాని కోసం కట్టిన గోడ ఇది. సున్నం లేదు, మట్టి లేదు. ఒక రాయి వంపులోకి ఇంకో రాయి సరిగ్గా ఒదిగిపోయింది. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే రాళ్ళ మీదంతా అక్షరాలే. సన్నవి, పదానికీ పదానికీ ఎడం లేకుండా. దాదాపు 800 శాసనాలు, ఎక్కువభాగం బానిసల విడుదల పత్రాలు. బానిస తన పేరు మీద తనను కొనుక్కోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని కూడబెట్టిన డబ్బు దేవుడి చేతిలో పెడితే, అపోలోయే యజమాని దగ్గర కొన్నట్టు రాసేవారు. పేరు, సిరియా మనిషో థ్రేస్ మనిషో, ధర ఇన్ని మినాలు (అప్పటి గ్రీకుల డబ్బు లెక్క), జామీను ఎవరు, సాక్షులు ఎవరు. ఆ సాక్షుల్లో గుడి పూజారులూ ఉంటారు.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి రాళ్ళ మీద అఖండదీపానికి ఇచ్చిన గొర్రెల లెక్కలు చూశాను. ఇక్కడ దేవుడి పేరున రాసినవి మనుషుల ధరలు. కాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది చాలా పత్రాల్లో ఉండే ఒక షరతు. డబ్బు కట్టేశాక కూడా యజమాని బతికున్నంత కాలం వాళ్ళింట్లోనే ఉండి చెప్పిన పని చెయ్యాలి. చెయ్యకపోతే శిక్షించే హక్కూ వాళ్ళదే. ఎన్నేళ్ళు కూడబెట్టి ఉంటారో ఆ డబ్బు! అయినా రాతి మీద పేరు ఉంటే, రేపు ఎవరైనా వచ్చి నువ్వు నా బానిసవంటే చూపించడానికి ఇంతమంది సాక్షులున్నారు. ఆ ధైర్యం కోసమే చెక్కించుకుని ఉంటారు. ఈ కొండ మీద రాజులూ నగరాలూ ఇచ్చిన కానుకలన్నిటికంటే నాకు ఈ గోడే గొప్పది.

మధ్యాహ్నం మ్యూజియంలో కంచు రథసారథిని చూశాను. రాగి కనురెప్పల వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. స్టేడియం దాకా ఎక్కలేదు, ఎక్కాలనీ అనిపించలేదు.

దగ్గరగా తీసిన ఫోటోల్లో అక్షరాలు బాగానే పడ్డాయి. గ్రీకు చదివిన స్నేహితురాలికి ఇందాకే పంపాను. మిగతాది తర్వాత, ముందు ఆ పేర్లు చదివి చెప్పమన్నాను.